డిశ్చార్జ్ కాగితం మీద ‘హై రిస్క్ బేబీ’: పసిబిడ్డల ఎదుగుదలలో ముప్పు అంటే ఏమిటి, రక్షణ అంటే ఏమిటి?

రాత్రి పదకొండింటికి మా పిన్ని ఫోన్ చేసింది. చెల్లెలికి ఎనిమిదో నెలలోనే, 32 వారాలకే కాన్పు అయింది. బాబు 1,600 గ్రాములు. పద్దెనిమిది రోజులు బాక్స్‌లో ఉంచి, ఆ సాయంత్రమే ఇంటికి పంపారు. “వాట్సాప్‌లో కాగితం పెట్టాను, చూడరా. పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు అన్నారు కదా! మళ్లీ ఈ హై రిస్క్ ఏంటి? వీడికి ఏం జబ్బు?”

కాగితంలో జబ్బు పేరేమీ లేదు. నెలలు నిండకుండా పుట్టాడు, బరువు తక్కువ, మూడు రోజులు ఆక్సిజన్ పెట్టాం, కామెర్లకు లైటు కింద ఉంచాం అని నాలుగు వరుసలున్నాయి. వాటి కింద పెద్దక్షరాల్లో ‘హై రిస్క్ బేబీ, డెవలప్‌మెంటల్ ఫాలో అప్’. ఆ కిందే చిన్న అక్షరాల్లో కంటి పరీక్షకు గడువు తేదీ. ఇంట్లో అందరి చూపూ పెద్దక్షరాల దగ్గరే ఆగిపోయింది.

నెలలు నిండని పిల్లలు ఇదివరకటి కంటే ఎక్కువ మంది బతికి ఇల్లు చేరుతున్నారు. కాబట్టి ఈ మాట కూడా ఎక్కువ ఇళ్లకు చేరుతోంది. దాంతోపాటే టెన్షనూ వస్తోంది.

రిస్క్ చెప్పేది గుంపు లెక్క

రిస్క్ ఫ్యాక్టర్ అంటే ఒక పరిస్థితి. అది ఉన్న వెయ్యి మంది పిల్లల్ని, లేని వెయ్యి మంది పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఉన్నవాళ్లలో ఎదుగుదల సమస్యలు ఎక్కువ మందికి కనిపిస్తాయి. ఆ వెయ్యి మందిలో ఏ బిడ్డకు వస్తుందో మాత్రం అది చెప్పలేదు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ మేనరికం. డాక్టరు వద్దంటారు. ఇంటి పెద్దాయనేమో “మా అమ్మానాన్నలది మేనరికమే. మేం అయిదుగురం. ఎవరికేమైంది?” అంటారు. నిజానికి ఇద్దరి మాటా నిజమే. బంధుత్వం లేని దంపతులకు పుట్టే ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి పుట్టుకతోనే ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మేనబావ మేనమరదళ్లకు పుట్టే పిల్లల్లో దానికి ఇంకో రెండో మూడో కలుస్తాయి. అంటే 100కి అయిదారుగురు. ‘ముప్పు రెట్టింపు’ అన్నా ఈ లెక్కే, ‘94 మంది బాగానే పుడతారు’ అన్నా ఈ లెక్కే. పెద్దాయన ఇంట్లో అయిదుగురూ ఆ 94 మందిలో పడటంలో వింతేమీ లేదు. కానీ అలాంటి వెయ్యి కాన్పుల్ని ఒకచోట చేర్చి చూస్తే, లోపంతో పుట్టినవాళ్లు అదనంగా 20 నుంచి 30 మంది తేలతారు. డాక్టరు మాట్లాడేది వాళ్ల గురించి. మేనమామకు అక్క కూతుర్నిచ్చే పెళ్లిలో రక్తసంబంధం ఇంకా దగ్గరిది కాబట్టి లెక్క మరికాస్త బరువెక్కుతుంది.

ఇంకో చిక్కుంది. ముప్పుతో పాటు కనిపించే ప్రతిదీ దానికి కారణం కానక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో దాదాపు 61 శాతం సిజేరియన్లు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37 శాతం. ఆపరేషన్ వల్ల మొదటి పాలు ఆలస్యమవుతాయన్నది నమ్మదగిన మాటే. అయినా ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉన్నంత మాత్రాన మొదటిది రెండోదాన్ని తెచ్చిందని తేల్చలేం. ఆసుపత్రి అలవాట్లు, సిబ్బంది కొరత, పాలు పడలేదన్న అపోహ, డబ్బా పాలు చేతికందేలా ఉండటం, ఇలా మధ్యలో చాలా ఉంటాయి.

కవాయి దీవి పిల్లలు చెప్పిన సంగతి

ఈ విషయం మీద ఎవరు రాసినా హవాయి ద్వీపాల్లోని కవాయికి వెళ్లకుండా ఉండలేరు. 1955లో ఆ చిన్న దీవిలో పుట్టిన 698 మంది శిశువుల్ని ఒక పరిశోధకుల బృందం తన జాబితాలో చేర్చుకుంది. తర్వాత ఆ అధ్యయనాన్ని ముందుకు నడిపింది ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు. తల్లుల గర్భం నాటి నుంచి మొదలుపెట్టి, పిల్లలకు నలభై ఏళ్లు వచ్చేదాకా వెంట నడిచారు. చాలా కుటుంబాలు చెరకు తోటల్లో కూలి కోసం జపాన్, ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ల సంతతి.

రెండేళ్లు నిండేలోపే నాలుగైదు రకాల కష్టాలు మీద పడిన పిల్లల్ని వాళ్లు హై రిస్క్ అన్నారు. పేదరికం, కష్టమైన కాన్పు, తల్లికి చదువు లేకపోవడం, ఇంట్లో గొడవలు, తండ్రి తాగుడు, తల్లి మానసిక అనారోగ్యం, ఇలాంటివి. ఆ గుంపులో మూడింట రెండొంతుల మంది పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి చదువులోనో, ప్రవర్తనలోనో, మానసిక ఆరోగ్యంలోనో ఇబ్బందుల్లో పడ్డారు. మిగిలిన మూడో వంతు చక్కగా, నిలకడగా పెరిగారు. పరిశోధకుల ఆసక్తి మెల్లగా ఆ మూడో వంతు వైపు మళ్లింది.

వాళ్లకు కనిపించినవాటిలో రెండు సంగతులు మా పిన్ని ప్రశ్నకు నేరుగా తగులుతాయి. మొదటిది, కాన్పు నాటి ఇబ్బంది. పుట్టేటప్పుడు కష్టం ఎదురైన పిల్లల్లో చాలామందికి, ఇల్లు స్థిమితంగా ఉన్నచోట, ఆ మచ్చ ఏళ్లు గడిచేకొద్దీ చెరిగిపోయింది. అదే ఇబ్బందికి లేమి, గొడవలు తోడైన ఇళ్లలో అది పెరిగి పెద్దదైంది. రెండోది, నిలదొక్కుకున్న పిల్లలకు మొదటి ఏడాది నుంచే తమను విడవకుండా చూసుకున్న మనిషి కనీసం ఒకరున్నారు. ఆ మనిషి అమ్మే కానక్కర్లేదు. చాలామంది విషయంలో అమ్మమ్మో నాయనమ్మో పిన్నో పెద్దక్కో ఆ మనిషి.

బ్రిటన్‌లో మైకేల్ రట్టర్ 1970ల్లో దాదాపు ఇలాంటి లెక్కే ఇంకో వైపు నుంచి వేశాడు. కుటుంబంలో ఒక్క కష్టం మాత్రమే ఉన్న పిల్లలు, ఏ కష్టమూ లేనివాళ్ల కంటే పెద్దగా వెనకబడలేదు. రెండు కలిసేసరికి మానసిక సమస్యలు నాలుగు రెట్లయ్యాయి. తర్వాతి అధ్యయనాలు చాలావాటిలో ఇంత పెద్ద గెంతు కనిపించలేదు. ఒక్కో కష్టం చేరేకొద్దీ ఒక్కో మెట్టు దిగినట్టుగానే ఉంది. కష్టాలు పోగుపడేకొద్దీ పరిస్థితి దిగజారుతుందన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఏ కష్టం వచ్చిందన్న దానికంటే ఎన్ని కలిసి వచ్చాయన్నదే చాలాసార్లు ఎక్కువ చెబుతుంది.

ఒక బిడ్డనే రెండిళ్లలో ఊహించుకుని చూద్దాం. 32 వారాలకు పుట్టిన 1,600 గ్రాముల బాబు. ఒక ఇంట్లో తల్లికి రక్తహీనత లేదు, అమ్మమ్మ తోడుంది, చెకప్‌కు వెళ్లడానికి బస్సుంది. ఇంకో ఇంట్లో తల్లి ఏడు గ్రాముల రక్తంతో ఉంది, భర్త వలస వెళ్లాడు, చెకప్‌కు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. డిశ్చార్జ్ కాగితం ఇద్దరికీ ఒకేలా ఉంటుంది. ముప్పు ఒకేలా ఉండదు.

ఉప్మా, ఆట, గుండెకు ఆనించుకున్న బిడ్డ

ముప్పు లేకపోవడమే రక్షణ అనుకుంటే సగమే అర్థమైనట్టు. కొన్ని ఏ బిడ్డకైనా మేలు చేస్తాయి. కొన్ని మాత్రం కష్టం ఉన్నచోటే గొడుగులా పనిచేస్తాయి. ఈ రెండో రకానికి చక్కటి ఉదాహరణ మన నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని 2002 నుంచి గమనిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనం సమాచారాన్ని పరిశీలిస్తే, కరవు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లల ఎదుగుదల కుంటుపడింది. వాళ్లలో మధ్యాహ్న భోజనం అందినవాళ్లు ఆ లోటును చాలావరకు పూడ్చుకున్నారు. వీళ్లు నాలుగైదేళ్ల పిల్లలు, పసికందులు కాదు. అయినా గొడుగు ఎలా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణలు తక్కువ.

అంతకు ముందు, 1987–90 మధ్య, హైదరాబాద్ దగ్గరి రంగారెడ్డి జిల్లాలో 29 ఊళ్లలో ఒక ప్రయోగం జరిగింది. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగిలిన 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. అప్పుడు పుట్టినవాళ్లను 13–18 ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్లలో ఇన్సులిన్ పనితీరు కాస్త మెరుగ్గా, రక్తనాళాల బిరుసు కాస్త తక్కువగా ఉంది. 14 మిల్లీమీటర్లంటే ఒక సెంటీమీటరు మీద కొంచెం. చూడటానికి చిన్న అంకె. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిన్న తిండి పదిహేనేళ్ల తర్వాత కూడా టేపుకు దొరికిందంటే మాత్రం చిన్న విషయమేమీ కాదు.

తిండి ఒక్కటే చాలదని తేల్చింది జమైకా. కింగ్‌స్టన్ పేటల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని, 9–24 నెలల పిల్లలు 129 మందిని 1980ల్లో నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారానికి కిలో పాలపొడి. ఒక గుంపు ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికోసారి వెళ్లి గంటసేపు, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో, బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించేది. ఒక గుంపుకు రెండూ అందాయి. ఇంకో గుంపుకు ఏదీ లేదు. రెండేళ్ల తర్వాత చూస్తే తిండీ, ఆటా రెండూ పనిచేశాయి. ఇరవై ఏళ్లు గడిచాక చూస్తే పాలపొడి ప్రభావం కనిపించలేదు. ఆట అందిన పిల్లలు పెద్దయ్యాక, అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. జమైకాలో తిండి నిలవలేదు, రంగారెడ్డిలో నిలిచిందేమిటని అడగొచ్చు. రెండుచోట్లా కొలిచింది ఒకటి కాదు. ఒకచోట తెలివి, సంపాదన. ఇంకోచోట ఎత్తు, రక్తం. పైగా ఉప్మా గర్భం నుంచే మొదలైంది, పాలపొడి బిడ్డ ఎత్తు తగ్గిపోయాక వచ్చింది.

ఇక మా చెల్లెలికి నర్సు నేర్పి పంపినది కంగారూ పద్ధతి. బిడ్డను డైపర్‌తో మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా నిటారుగా ఆనించి కట్టుకోవడం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. చాలాకాలం దీన్ని బిడ్డ కాస్త కుదుటపడ్డాకే వాడేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో జరిగి, 2021లో ఫలితాలు వెలువడిన ట్రయల్‌లో, పుట్టిన వెంటనే మొదలుపెట్టి చూశారు. బరువు కిలో నుంచి 1.8 కిలోల లోపున్న పిల్లల్లో, పాత పద్ధతిలో ప్రతి 100 మందికి దాదాపు 16 మంది నెలలోపు చనిపోతే, కొత్త పద్ధతిలో 12 మంది. గదిలో తలుపు వేసుకుని గంటలకొద్దీ అలా పడుకున్న కోడల్ని చూసి “పని తప్పించుకుంటోంది” అనే ఇళ్లున్నాయి కాబట్టి ఈ అంకెను కాస్త గట్టిగానే చెప్పాల్సి వస్తోంది.

ప్రాణం నిలిపిన ఆక్సిజనే కంటికి ముప్పు

కొన్నిసార్లు ముప్పు, రక్షణ ఒకే సిలిండర్‌లో ఉంటాయి. 1940ల్లో, 50ల తొలినాళ్లలో నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. వేలాది మందికి చూపు పోయింది. కంటి వెనక రెటీనాలో అప్పటికింకా పూర్తిగా పరుచుకోని రక్తనాళాలు, అతిగా అందిన ఆక్సిజన్ వల్ల దారితప్పి పెరిగాయి. కారణం తెలిశాక ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. ఈసారి మరణాలు పెరిగాయి. ఎంత ఇస్తే సరిపోతుందన్న వాదన 2010ల్లో ఫలితాలు వెలువడిన పెద్ద ట్రయల్స్ దాకా సాగింది. వాటిలోనూ తక్కువ ఆక్సిజన్ వైపు ఉంచిన పిల్లల్లో కంటి జబ్బు తగ్గింది, మరణాలు పెరిగాయి.

అందుకే ఆక్సిజన్ ఇస్తూనే కళ్లు చూపించమంటారు. 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన నాలుగు వారాల్లోపు రెటీనా పరీక్ష జరగాలన్నది మన దేశంలో పాటించే నియమం. మరీ చిన్న పిల్లలకైతే ఇంకా ముందే. సమస్య కనబడితే లేజర్‌తో ఆపగలిగే వ్యవధి కొద్ది రోజులే. పైకి కళ్లు మామూలుగానే మెరుస్తుంటాయి, ఇంట్లో ఎవరూ పసిగట్టలేరు. డిశ్చార్జ్ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉన్న ఆ తేదీ ఇదే. పిన్నికి నేను ఆ రాత్రి చెప్పింది ఒక్కటే: హై రిస్క్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు కంటి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంకా తొమ్మిది రోజులుంది. వెళ్లారు. రెటీనా బాగానే ఉంది, రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు.

నీళ్లు పోసే ఆవిడ, వస కొమ్ము, పథ్యం

మన ఇళ్లలో పసిబిడ్డ చుట్టూ ఉండే పద్ధతుల్ని గంపగుత్తగా మంచివనో మూఢనమ్మకాలనో తేల్చేయడం తేలిక. విడదీసి చూస్తే అలా కుదరదు. నీళ్లు పోసే ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను ముంగాళ్ల మీద పడుకోబెట్టి నూనె మర్దన చేస్తుంది. మర్దనతో నెలలు నిండని పిల్లల బరువు కాస్త మెరుగ్గా పెరిగిందని చాలా అధ్యయనాలు చెప్పాయి, వాటిలో చిన్నవీ బలహీనమైనవీ ఎక్కువే అయినా. అదే ఆవిడ ఆ చేత్తోనే ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేసి, నోటితో ముక్కులోకి ఊదితే అది ఇన్‌ఫెక్షన్‌కు దారి. తర్వాత గదినిండా సాంబ్రాణి పొగ పెడతారు. ఇంకా పూర్తిగా ఎదగని ఊపిరితిత్తులకు అది భారం. పుట్టగానే తేనె నాకిస్తే, ఏడాదిలోపు పిల్లలకు అరుదుగానైనా ప్రాణాంతకమైన విషం చేరే అవకాశం ఉంది. ముర్రుపాలు పిండి పారబోయడమంటే మొదటి రక్షణను పారబోయడమే. మాటలు బాగా రావాలని వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. మాటలు వస్తే అది వస మహిమ అని నేననుకోను. అది రాస్తున్నంతసేపూ బిడ్డ మొహంలో మొహం పెట్టి ఆపకుండా మాట్లాడే నాయనమ్మకు మాత్రం మార్కులివ్వాల్సిందే.

బాలింతకు పెట్టే పథ్యంలో వెల్లుల్లి కారం, అన్నం తప్ప ఆకుకూర, పండు, చివరికి నీళ్లు కూడా తగ్గించే ఇళ్లున్నాయి. దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నప్పుడు ఈ పథ్యం ఎవరిని కాపాడుతున్నట్టో తెలియదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మాత్రం నా లెక్కలో అసలైన రక్షణ. ఎందుకో చెప్పాలంటే బాలింత మనసు గురించి మాట్లాడాలి. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో, ప్రసవం తర్వాత 100 మందిలో 22 మంది తల్లులకు డిప్రెషన్ ఉంది. గోవాలో 2002 నాటి అధ్యయనం పేదరికాన్ని, భర్తతో సరిపడకపోవడాన్ని, ఆడపిల్ల పుట్టడాన్ని దానితో ముడిపడిన కారణాలుగా చూపింది. తల్లి దిగులు బిడ్డ దాకా ఎలా చేరుతుందో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లోనే చూపించాడు. నవ్వుతూ ఆడిస్తున్న తల్లి ఉన్నట్టుండి మొహంలో ఏ భావమూ లేకుండా కూర్చుంటుంది. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేక వేస్తుంది. ఫలితం లేకపోయేసరికి మొహం తిప్పేసుకుంటుంది. రెండు నిమిషాల ప్రయోగం అది. నెలల తరబడి అలాగే ఉండే ఇంట్లో, మధ్యలో బిడ్డను ఎత్తుకుని కబుర్లు చెప్పే ఇంకో మనిషి ఉండటం ఎంత తేడానో ఊహించుకోవచ్చు. పుట్టిల్లు దెప్పిపొడిచే చోటైతే ఈ మాట తిరగబడుతుంది.

వెయ్యి రోజుల తర్వాత తలుపు మూసుకుపోతుందా?

గర్భం దాల్చిన నాటి నుంచి రెండో పుట్టినరోజు దాకా ‘మొదటి వెయ్యి రోజులు’ అంటారు. ఆ తర్వాత చేసేదేమీ లేదన్నట్టు చెప్పేవాళ్లకు బలమైన ఆధారం రుమేనియా రాజధాని బుఖారెస్ట్ నుంచి వచ్చింది. అక్కడి అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ తీసినట్టు ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. వెళ్లినవాళ్లు ఎదుగుదలలో పుంజుకున్నారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఇంకా బాగా పుంజుకున్నారు. మిగతా సగం మందిని ఆశ్రమాలకే వదిలేయడం న్యాయమేనా అన్న ప్రశ్న ఆ ప్రయోగాన్ని ఇప్పటికీ వదల్లేదు.

రెండో వర్గం వాదన: అది పూర్తిగా మనిషి స్పర్శే లేని చోటు, మామూలు పేద ఇళ్లకు దాన్ని అన్వయించకూడదు. యంగ్ లైవ్స్ పిల్లల్లో ఏడాది వయసులో పొట్టిగా ఉన్నవాళ్లు కొందరు ఎనిమిదేళ్లకల్లా ఎత్తు అందుకున్నారు. కవాయిలో పద్దెనిమిదేళ్లకు దారితప్పినవాళ్లలోనూ చాలామంది ముప్పైలు, నలభైలు వచ్చేసరికి కుదురుకున్నారు. నాకు రెండో వాదనే ఎక్కువ సమంజసంగా తోస్తుంది. అయితే ఆలస్యమైనకొద్దీ ఖర్చూ శ్రమా పెరుగుతాయన్న మొదటివాళ్ల మాటను కాదనలేను.

ఇంకో అభ్యంతరం ఈ మొత్తం భాష మీదే ఉంది. ముప్పుల జాబితా చివరికి తల్లి పనుల జాబితాగా మారిపోతోందని విమర్శకులంటారు. సురక్షితమైన నీరు, ప్రసూతి సెలవు, తండ్రి తాగుడు కూడా జాబితాలో ఉన్నవే. ఆసుపత్రి కౌన్సెలింగ్‌లో మాత్రం మాటలన్నీ తల్లికే పడతాయి.

వీడి నెలలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

అన్నిటికంటే ఎక్కువ ఇళ్లలో గందరగోళం పెట్టేది ఇది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండు వయసులుంటాయి. టీకాలకు పుట్టిన తేదీ నుంచే లెక్క. ఎదుగుదలకు మాత్రం, 40 వారాలకు ఎంత తక్కువైందో అంత తీసేసి చూడాలి. 32 వారాలకు పుడితే 8 వారాలు తీసేయాలి. ఆరు నెలల బిడ్డను సుమారు నాలుగు నెలల బిడ్డగా చూడాలన్నమాట. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే లెక్కిస్తారు.

దిద్దిన వయసైనా గడియారంలా నడవదు. ఢిల్లీతో సహా అయిదు దేశాల ఆరోగ్యవంతులైన పిల్లల్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్కలో, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరిగింది. కొందరైతే పాకకుండానే నడిచారు. ఈ కిటికీ దాటిపోయినా, వచ్చిన పని మళ్లీ రాకుండా పోయినా చూపించుకోవాలి. జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాలున్నది అందుకే.

మా పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. పక్కింటావిడ వచ్చి, “మూడు నెలలు దాటినా నవ్వడం లేదేంటి?” అని ఒక మాట వేసి పోయిందట. వాడికి అప్పటికి 13 వారాలు. ఎనిమిది తీసేస్తే అయిదు. మనిషి మొహం చూసి నవ్వడం మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది, ఇంకా టైముందని చెప్పాను. తర్వాతి ఆదివారం వీడియో వచ్చింది. స్నానం చేయించి తుడుస్తుంటే, పిన్ని మొహంలోకి చూసి పెదాలు ఒక పక్కకు సాగదీసి నవ్వాడు. 14 వారాలు. కింద పిన్ని మెసేజ్: “ఎనిమిది తీసేస్తే ఆరు. సరిపోయింది కదరా?”